మా అత్త సొర, మా నాన్న సొర

మొన్న పేపర్లో ఒక ముక్క చదివాను. మంచు సముద్రాల్లో ఎక్కడో ఒక రకం సొరచేప ఉందట. నాలుగు వందల ఏళ్ళ దాకా బతకవచ్చని దాని కంట్లోని పొరలను పరీక్ష చేసి అంచనా కట్టారట. అది ఈడుకు రావడానికే నూట యాభై ఏళ్ళు పడుతుందట. చదవగానే ముందు ఆ చేప తల్లి మీద జాలేసింది. అన్నేళ్ళ పాటు ఎదగని పిల్లను ఇంట్లో పెట్టుకుని చుట్టాలకు ఏమని సమాధానం చెబుతుంది పాపం అనుకున్నాను. తర్వాత గుర్తొచ్చింది, సొరలు పిల్లల్ని కనగానే తమ దారిన తాము పోతాయి. ఈ సంగతి మా నాన్న చెబితే మా అత్త ఊరుకోలేదు. అసలు ఆమె దృష్టిలో సొర అంటేనే వేరు.

మాది సముద్రం ఒడ్డు ఊరు. మా నాన్న ఎండుచేపల వ్యాపారం చేసేవాడు. గోదావరి మీద, తర్వాత శబరి మీద పడవలో ఎదురెక్కి కొంటా రేవు దాకా వచ్చేవాడు. అప్పట్లో కొంటా బస్తరు రాజ్యంలో ఉండేది. శబరికి ఇవతలి గట్టు రాజుగారిది, అవతలి గట్టు తెల్లదొరలది. మధ్యలో ఈదే చేపలకు ఈ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు, రెండు వైపులా తిరిగేవి. అలా వస్తూ పోతూ మా మామగారితో మా నాన్నకు స్నేహం కుదిరింది. ఆ స్నేహానికి గుర్తుగా ఒక కుండో చెంబో ఇచ్చుకుని ఊరుకోవచ్చు కదా, నన్ను ఇచ్చాడు.

నేను కాపురానికి వచ్చేసరికి మామగారు లేరు. ఇంట్లో మా ఆయన, మా అత్త, నాలుగు ఎడ్లు, ఒట్టిపోయిన ఒక ముసలి ఆవు. పెత్తనం మాత్రం అత్తదే. మనిషి సన్నగా ఉన్నా నోరు గట్టిది. రేవు దగ్గర సుంకం వసూలు చేసే నాకా ఉండేది. ఆ నాకా జవాను మా ఇంటి ముందు నుంచి పోవాల్సి వస్తే చుట్టు తిరిగి పోయేవాడు. ఆమె తిట్లు తెలుగులో మొదలై బస్తరు భాష హల్బీలో వేడెక్కి, అక్కడి గిరిజనుల దోర్లీలో ముగిసేవి. చివరి భాగం నాకు అర్థమయ్యేది కాదు కాబట్టి మొదట్లో నా కాపురం సుఖంగానే గడిచింది.

తొలి కానుపుకు నేను పుట్టింటికి వెళ్ళాల్సింది. ఆ ఏడు శబరి పొంగి పడవలు ఆగిపోయాయి. కొంటాలోనే ఆడపిల్ల పుట్టింది. పిల్ల బాగుంది, నేను బాగున్నాను, పాలు మాత్రం పడలేదు. పిల్ల నోరు పెట్టి లాగుతుంది, నాలుగు చుక్కలు వస్తాయి, తర్వాత ఏమీ ఉండదు, ఏడుస్తుంది. మొదటి రోజుల్లో దాని ఏడుపు వాళ్ళ నానమ్మ గొంతుకు తగ్గట్టే ఉండేది. రోజులు గడిచేకొద్దీ ఆ గొంతు సన్నబడింది. నాకు భయం పట్టుకుంది.

మా వైపు దీనికి మందు చిన్నపిల్లలు కూడా చెబుతారు. బాలింతకు సొర పెడితే పాలు పడతాయి. అందులోనూ చిన్న సొరలు, వాటిని పాల సొరలనే అంటారు. అదే మా అత్తతో అన్నాను.

"అత్తా, నాకు సొర కావాలి."

మా అత్త నన్ను ఎగాదిగా చూసింది. బాలింతకు సొర ఏంది, చలువ చేస్తది కదా అంది. చలువ కాదత్తా, మంచి వేడి, మా ఊళ్ళో ప్రతి బాలింతకూ పెడతారు అన్నాను. సముద్రం ఒడ్డు వాళ్ళ మర్యాదలు ఆమెకు ఎప్పుడూ వింతే. సరే అంది. లేతదే కావాలి, ముదిరితే నార నారగా ఉంటుందని జాగ్రత్త చెప్పాను. ఆ మాత్రం తనకూ తెలుసంది, గోరు దిగితే లేతదన్నట్టే అంది. సొరకు గోరు గుచ్చి చూడడం నేనెక్కడా వినలేదు, అయినా కొండ ప్రాంతం పద్ధతి అదేనేమో అనుకున్నాను. పైనుండే తోలు గీకేయాలి, ఉడకబెట్టి, నీళ్ళు పిండేసి, వెల్లుల్లి దట్టంగా వేసి పొడిగా వేయించాలి అని వండే తీరు కూడా చెప్పాను. ముల్లు లేనిది కాబట్టి బాలింతకు భయం లేదని కూడా అన్నాను. సొరకు ముల్లేంది, పిచ్చి పిల్ల అని నవ్వుకుంటూ వెళ్ళింది.

మధ్యాహ్నం కంచంలో ఆనపకాయ వేపుడు వచ్చింది. సొర రేపు వస్తుంది కాబోలు అనుకుని తిన్నాను. మర్నాడూ ఆనపకాయే. ఆ పై రోజూ అదే. ఆనపకాయ మీద నాకు పగేమీ లేదు, కానీ వెల్లుల్లి వేసి పొడిగా వేయించిన ఆనపకాయను వరసగా తింటే దేవుడి మీద కూడా నమ్మకం సడలుతుంది. ఉండబట్టలేక అడిగాను, సొర ఎప్పుడు పెడతారని. ఇన్ని రోజులు తిన్నది ఏందని అత్త అడిగింది. ఇది ఆనపకాయ కదా అన్నాను. ఆనపకాయ ఏందో నాకు తెల్వదు, ఇది సొర, నా చేతులతో విత్తు పెట్టిన సొర అంది.

అప్పటికీ నాకు అర్థం కాలేదు. సొర అంటే ఇది కాదత్తా, దానికి నోరుంటుంది, నోటినిండా పళ్ళుంటాయి, ఒక వరస వెనక ఒక వరస అని చెప్పాను.

"పండ్లు కాదే, కాయలంటరు" అని దిద్దింది అత్త.

నేను తోక ఇలా ఉంటుందని చేత్తో ఊపి చూపించాను. అత్త మెల్లగా లేచి బయటికి వెళ్ళి, నీ పెండ్లానికి బాలింత జ్వరం నెత్తికెక్కిందని మా ఆయనకు చెప్పింది. ఆయన రేవులో పుట్టి పెరిగిన మనిషి, రెండు భాషల సొరలూ తెలిసినవాడు. నవ్వి నవ్వి కూర్చుండిపోయాడు. ముందే తెలిసిన మనిషివి ఇన్ని రోజులు కంచంలోకి చూడలేదా అని నేను, నవ్వేది ఏందిరా అని అత్త, ఇద్దరం కలిసి ఆయన్ని తిట్టాం. అత్తా నేనూ ఒక మాట మీదికి రావడం అదే మొదటిసారి.

ఈలోగా మా ఇంటి కప్పు మీది లేత కాయలన్నీ నా పొట్టలోకి చేరాయి. సొర అంటే ఏదైనా సరే, పేరులో బలం ఉంటే పాలు రావాలి కదా అన్నది మా అత్త వాదం. కాబట్టి వంట ఆగలేదు. కాయల కోసం పక్కింటి కప్పు మీద ఆమె కన్ను పడింది. పక్కిల్లు ఆ దోర్లీ మాట్లాడే దోర్ల వాళ్ళది, ఒక మొగుడూ పెళ్ళాం, నడక వచ్చిన ఒక కొడుకు. మా సొరతీగ కంచె దాటి వాళ్ళ కప్పు మీదికి పాకి అక్కడ కాయలు కాసింది. వాళ్ళలో ఏ కొత్త కాయైనా సరే, పండుగ చేసి దేవతకు పెట్టాకే నోట్లో పెట్టుకుంటారు. పండుం అంటారు దాన్ని. మా అత్త దోటి పట్టుకుని పోయేసరికి ఆ ఇంటామె కప్పుకు అడ్డం నిలబడింది. తీగ నాది అంది అత్త. కప్పు నాది, పండుం కాకుండా నా కప్పు మీది కాయ తెంపరాదు అంది ఆమె. మా అత్త తెలుగూ హల్బీ దాటి నేరుగా దోర్లీలోకి దిగింది. ఆ రోజు నుంచి రెండిళ్ళకూ మాటల్లేవు. కాయలు ఆ కప్పు మీదే తీరిగ్గా ముదిరాయి.

నీళ్ళు తగ్గాక పడవలు కదిలాయి. మా ఆయన ఒక పడవవాడి చేత మా నాన్నకు కబురు పెట్టాడు. సొర కావాలి, చేప, చేప అని వాడి చేత మళ్ళీ మళ్ళీ చెప్పించుకున్నాడు. మా నాన్న ఎండు సొరల మూటతో తనే దిగాడు. రేవులో నాకా మున్షీ మూటలో ఏముందని అడిగాడట. నాన్న సొర అన్నాడు. మున్షీకి తెలుగు రాదు, జవాను తర్జుమా చేశాడు, లౌకీ హై సాబ్ అని. అంత దూరం నుంచి ఆనపకాయల్ని మోసుకొచ్చేవాణ్ణి మున్షీ అంతవరకు చూసి ఉండడు. అనుమానం వచ్చి మూట విప్పించాడు. విప్పినవాడు మళ్ళీ ఊపిరి పీల్చుకోవడానికి గట్టు దాకా పోవాల్సి వచ్చిందని మా నాన్న గొప్పగా చెప్పుకున్నాడు. మూట సంగతి ఇంకెవరూ అడగలేదు.

మా అత్త ముక్కుకు చెంగు కట్టుకుని ఆ చేపల్ని ఒక్కొక్కటే తిప్పి చూసింది. ఆమెకు ఏదైనా తెలియకపోతే తిట్టే అలవాటుతో పాటు అడిగే అలవాటు కూడా ఉంది. ఇది ఎన్నాళ్ళకు ఎదుగుతది అని అడిగింది. తన సొర విత్తు పెట్టిన రెండు నెలలకే కాపుకొస్తుందని ముందే చెప్పి పెట్టింది. మా నాన్నను సముద్రం గురించి అడిగితే మనిషి నిలవడు. సొరంటే తక్కిన చేపల్లాంటిది కాదు చెల్లెమ్మా, వేలకు వేలు గుడ్లు పెట్టి ఊరుకునే రకం కాదు, చాలా జాతులు మనిషి లాగా కడుపున మోసి పిల్లల్నే కంటాయి, అవీ చేతివేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని, చిన్న జాతి రెండు మూడేళ్ళకు ఎదుగుతుంది, పెద్ద జాతికి పదేళ్ళూ పదిహేనేళ్ళూ దాటాలి, బతకనిస్తే మనిషితో సమానంగా బతుకుతుంది అని ఏకరువు పెట్టాడు. రెక్క తెగిన సొరనొకదాన్ని తన తాత చూశాడట, దాన్నే తన తండ్రి చూశాడట, దాన్నే తనూ చూశానని కూడా అన్నాడు. అది అదేనని ఎట్ల తెలుసు, పేరు చెప్పిందా అని అత్త అడిగింది.

నిజానికి సొర వయసు చెప్పే వస్తువు మా పుట్టింటి వెనకే కుప్పలుగా పడి ఉండేది. చిన్నప్పుడు సొర వెన్నుపూసలతో మేం ఆడుకునేవాళ్ళం. గుండ్రంగా బిళ్ళల్లా ఉంటాయి, వాటి మీద వలయాలుంటాయి. ఆ వలయాలు లెక్కపెట్టి చేప వయసు కడతారని ముసలితనంలో చదివాను. మేం మాత్రం ఆ వయసుల్ని తొక్కుడుబిళ్ళ గళ్ళల్లోకి విసురుకున్నాం.

మా అత్త అక్కడితో ఆగలేదు. ఎదురుగా ఉన్న చేపను చూపుడు వేలితో పొడిచింది.

"అన్నా, ఇది చిన్న జాతిదా, లేకుంటే పెద్ద జాతి పిల్లనా?"

మా నాన్న దాన్ని చేతిలోకి తీసుకుని చూశాడు. తల లేదు, తోక లేదు, ఎండి చెక్కయిపోయింది. కోసి ఎండబెట్టాక ఎవరు చెప్పగలరు చెల్లెమ్మా అన్నాడు. సొరకాయ లేతది కోస్తే తీగకు ఇంకోటి కాస్తది, పదేండ్లకు కాపుకొచ్చేదాన్ని పిందెలోనే కోసుకుంటపోతే మీ సముద్రంల రేపటికేం మిగుల్తది అని అత్త నిలదీసింది. సముద్రానికి తరుగేమిటి చెల్లెమ్మా అని మా నాన్న నవ్వాడు. ఇవాళ మా ఊరి ఒడ్డున పాల సొర కనబడడమే గగనం, పడితే ఫోటో తీసుకుంటున్నారు. మా అత్త సముద్రం మొహం ఎన్నడూ చూడలేదు.

ఆమెకు ఇంకో అనుమానం మిగిలింది. పిల్లను కన్నాక ఇది పాలిస్తదా అని అడిగింది. ఇవ్వదు, పుట్టగానే పిల్ల తిండి పిల్లదే, తల్లి వెళ్ళిపోద్ది అన్నాడు నాన్న. మా అత్త చెంగు ముక్కు మీంచి తీసేసింది.

"సొంత పిల్లకు చుక్క పాలియ్యని దాన్ని తింటే నా కోడలికి పాలెట్ల పడ్తయి?"

తరతరాలుగా తింటున్న వాళ్ళెవరికీ ఈ ప్రశ్న తట్టలేదు. నాకూ తట్టలేదు, తట్టినా అప్పుడు దాన్ని పట్టించుకునే స్థితిలో లేను. వండి పెట్టమన్నాను. తిట్టుకుంటూనే మా అత్త స్వయంగా వండింది. తోలు గీకింది, ఉడకబెట్టింది, చిదిమింది, వెల్లుల్లి వేసింది. ఆ వాసనకు వీధి కుక్కలన్నీ మా గుమ్మంలో సభ చేశాయి. నా ప్రాణం లేచొచ్చింది, పుట్టిల్లు కంచంలోకి వచ్చినట్టనిపించింది. రోజూ రెండు పూటలా తిన్నాను.

పాలు పడలేదు.

అప్పటికి నాకు హాస్యాలన్నీ అయిపోయాయి. గంజితేటలో గుడ్డ ముంచి పిల్ల నోట్లో పిండేవాళ్ళం. కాళ్ళూ చేతులూ పుల్లలయ్యాయి. ఏడ్చే ఓపిక కూడా తగ్గి, నోరు తెరిచి ఊరికే ఉండేది. పిల్ల ఏడ్చినంతకాలం ఏడవకే అని మొత్తుకున్నదాన్ని, ఏడిస్తే చాలని కూర్చున్నాను. మా నాన్న తెచ్చిన మూట వంక చూసే ధైర్యం నాకూ లేదు, ఆయనకూ లేదు. మిగిలిన సరుకు అమ్ముకోవడానికి కూడా పోకుండా వరండాలో కూర్చుండిపోయాడు.

పక్కింట్లో ఆవు ఈనింది. ఆ అంబా అరుపు మాకు వినిపించేది. దోర్ల వాళ్ళు ఆవును పిండరు. ఆవు పాలు దూడవి, మనుషులవి కావు అంటారు. ఇంటినిండా పశువులుండి పాలచుక్క లేని ఊరు ఇదొక్కటే అని మా అత్త ఎన్నోసార్లు వెక్కిరించింది. ఆ రోజు మాత్రం చెంబు పట్టుకుని, కాయల దగ్గర తెగిన మాటలు తనే కలుపుకోవడానికి కంచె దాటి వెళ్ళింది. ఆమె ఎవరినైనా ఏదైనా ఇమ్మని అడగడం నేనెప్పుడూ చూడలేదు. నేను గుమ్మంలోంచి చూస్తున్నాను. ఇద్దరూ దోర్లీలో మెల్లగా మాట్లాడుకున్నారు. అత్త ఖాళీ చెంబుతో తిరిగొచ్చింది. దూడకు తక్కువైతదట, మన పిల్ల కన్న దూడ ఎక్కువైందట అని చెంబును నేల మీద పడేసింది. తిట్లు రాలేదు. పొయ్యి దగ్గర కూర్చుని కట్టెలు ఎగదోసింది, ఎగదోయాల్సిన అవసరం లేకపోయినా.

పొద్దు వాలుతుంటే పక్కింటామె తనే వచ్చింది. వెనక కొంగు పట్టుకుని ఆమె కొడుకు. వరండాలో మా నాన్నను దాటి, ఎవరినీ పలకరించకుండా లోపలికి వచ్చి నా మంచం పక్కన నేల మీద కూర్చుంది. చేతులు చాచింది. పిల్లను ఇచ్చాను. ఆమె రొమ్ముకు పట్టుకుంది. పిల్ల ముందు అందుకోలేదు, ఎలా తాగాలో మరిచిపోయినట్టుంది. ఆమె తన వేలితో పిల్ల బుగ్గ నిమిరింది, మళ్ళీ నిమిరింది. అప్పుడు పట్టుకుంది. గుటక చప్పుడు వినబడింది.

మా అత్త పొయ్యి దగ్గర నుంచి లేవలేదు. కోపం ఇంకా చల్లారలేదు.

"దూడ పాలియ్యనంటివి. ఇవి ఎవరియి? నీ కొడుకువి కావా?"

"కొడుకువే" అంది ఆమె. "దూడను ఎట్ల అడగాలె అక్కా, దానికి మాట రాదు. వీణ్ణి అడిగిన. ఇస్తనన్నడు."

మా అత్త పొయ్యి దగ్గర నుంచి లేచొచ్చి, వానికి ఎన్నేండ్లు అని అడిగింది. రెండు పండుగల కాయ తిన్నడు, మూడోది రావాలె అని ఆ తల్లి చెప్పింది. నాకు ఏడుపు ఆగలేదు. ఆపుకోవాలని కూడా అనిపించలేదు, అందరి ముందూ ఏడ్చాను.

వాడు తల్లి మోకాలి మీద చెయ్యి వేసి నిలబడి చూస్తున్నాడు. అప్పటిదాకా ఆ చోటు వాడొక్కడిదే. నా కూతురు గుటక వేసినప్పుడల్లా వాడి గొంతు కూడా కదిలింది. తల్లి వాణ్ణి దగ్గరికి రమ్మని రెండో పక్క చూపించింది. వాడు తల అడ్డంగా ఊపాడు. చివరికి నా కూతురు నిండి, రొమ్ము వదిలి, కళ్ళు మూసింది. అప్పుడు వాడు అరచేయి వెనక్కి తిప్పి తన మూతి తుడుచుకున్నాడు.